కల్లంలో ఇరవై రెండు గజాలు

నిజాం సర్కారు ఫసలీ లెక్కలో చలికాలపు బహమన్ నెల మూడవ తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు వనపర్తి ఆటల మైదానం నడుమ సాయమ్మ మొదటి పార దించింది. ఆ సమయం మా నాయన జేబు గడియారం చెప్పినది. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడేది కనుక ఆ రెండూ కలిపే రాసుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు నిండి నాలుగు నెలలు. ఐరోపాలో యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా ఊళ్ళో క్రికెట్ ఆడేవాళ్ళు పద్నాలుగు మంది, చూసేవాళ్ళు మిగిలిన ఊరంతా.

పోయిన నెల, మాఘ మాసంలో, బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు గంటన్నర తీరిక దొరికింది. మైదానానికి నడిచి వెళ్ళాను. తూర్పు అంచు నుండి పడమటి అంచుకు నూట ఎనభై ఏడు అడుగులు పడ్డాయి. నా పాత పుస్తకంలో నూట డెబ్బై రెండు అని ఉంది. మైదానం పెరగలేదు, నా అడుగు కురచయింది. నడుమ ఇప్పుడు సిమెంటు పట్టీ ఉంది. దాని మీద ఆడుతున్న కుర్రవాళ్ళలో ఒకరికి దాన్ని ఎప్పుడు పోశారో తెలియదు, ఎవరు పోశారో తెలియదు. తెలియవలసిన అవసరమూ వారికి రాలేదు. బంతి చక్కగా లేస్తోంది. నేను గట్టున కూర్చుని, నలభై రోజులపాటు ఒక నేలను పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్న కాలాన్ని వరుస తప్పుతూ నెమరు వేసుకున్నాను.

మా ఇంట్లో కొలత ఒక ఆచారం. నాయన పట్వారీగిరీ చేసి మానుకున్నా, భూములు కొలిచే గొలుసు ఆయన చేతిని వదలలేదు. వాన పడితే వాకిట్లో రాగి చెంబు పెట్టి, వెలిసిన తరువాత అందులో పుల్ల ముంచి ఎంతవరకు తడిసిందో గోడ మీద బొగ్గుతో గీసేవాడు. అమ్మ పొద్దున లేస్తూనే పొయ్యి మీద అంబలి కుండ పెట్టేది. జొన్న పిండి పులిసిన వాసన, తడి పేడ వాసన, ముందు గదిలో నాయన నానబెట్టుకున్న సిరా వాసన కలిస్తే మా ఇంటికి తెల్లవారినట్టు. గురువారం సాయంత్రం గూట్లో ఒక మట్టి మూకుడులో జాజు తడిపి పెట్టేది. శుక్రవారం పొద్దున ఆ ఎర్రమన్ను గడపకు పూసి, పైన పిండితో చుక్కలు పెట్టడం ఆమెకు స్నానం ఎంతో అంత. అలికిన నేలను ముగ్గు లేకుండా వదిలేస్తే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు అని ఆమె అనేది. ఆ మాట నేను వెయ్యి సార్లు విన్నాను. వినీ, దానితో నాకేమి పని అనుకున్నాను.

నేను మా క్లబ్బుకు గుమాస్తాను. ఆట రాదు, పరుగులు రాయడం వచ్చు. బ్యాట్లు, వికెట్లు, వాటితోపాటు పిచ్ మీద పరిచే కొబ్బరి పీచు చాప నా సంరక్షణలో ఉండేవి. గులక నేల మీద ఆ చాప పరిచి ఆడడం అప్పటి పద్ధతి. వానకాలం నాలుగు నెలలు కొట్టులో చుట్టి ఉన్న చాపను బహమన్ నెల మొదటి తేదీన విప్పితే, ముప్పావు వంతు చెదపుట్ట మట్టిగా రాలింది. గద్వాల జట్టుతో ఏటా ఒక ఆట జరిగేది. వరుసగా రెండేళ్ళు వాళ్ళ ఊళ్ళోనే ఆడాము. ఈసారి మన వంతు అని మాట ఇచ్చి ఉన్నాము. పట్నం నుండి కొత్త చాప రావాలంటే మూడు నెలలు. ఆటకు మిగిలినది నెల పది రోజులు.

ఆ సాయంత్రం నేను అన్నం దగ్గర కూర్చుని ఈ సంగతి చెబితే, నాయన మజ్జిగ పోసుకుంటూ, "చాప లేకుంటే చాప అసొంటి నేల చేసుకోరాదుర" అన్నాడు. "మంచి కల్లం మీద గింజ పడితే ఎట్ల ఎగుర్తదో ఎప్పుడన్న చూసినవా? ఏడ పడ్డా ఒక్క తీరుగ ఎగుర్తది. సాయమ్మను అడుగు పో."

సాయమ్మ గోపాల్‌పేటలో పుట్టి వనపర్తికి కోడలై వచ్చిన రైతు ఇంటి మనిషి. అప్పటికి యాభై దాటింది. మగవాళ్ళు నాగలి పట్టినా, కల్లం తయారు చేయడంలో చుట్టుపట్ల నాలుగూళ్ళు ఆమె మాటే వినేవి. అటువంటి మనిషికి సొంత కల్లం లేదు. ఆమె మామ కాలం నాటి కల్లం, మైదానం చదును చేసినప్పుడు అందులో కలిసిపోయింది. బదులు చోటు ఇస్తామన్నవాళ్ళు ఇవ్వలేదు. అప్పటి నుండి ఆమె ఇంటి జొన్న కంకులు ఇతరుల కల్లాలలో, ఇతరులు నూర్చుకోవడం అయిన తరువాత, ఆఖరి వంతుగా నూర్చవలసి వచ్చేది. ఒక సంవత్సరం వంతు వచ్చేలోగా అకాల వర్షం కురిసి, కుప్పలోనే జొన్నలు మొలకెత్తాయట. ఇది నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు మారలేదు, చేతిలోని చాట మాత్రం ఆగింది.

నేను అడిగితే ఆమె మొదట నవ్వింది.

"జొన్నలు కొట్టనీకా పంతులూ, మనుషులను కొట్టనీకా?"

"బంతిని కొట్టనీకి, సాయవ్వా."

"ఎంతసేపు?"

"పొద్దున పదింటి నుంచి పొద్దుగూకే దాక."

"గంతసేపు బంతిని కొడితే ఏమొస్తది?"

"పరుగులు వస్తయి."

"తిననీకి వస్తయా? సరే తియ్. నాకు జాగ వస్తదంటే చేస్త."

మా క్లబ్బు కార్యదర్శి కచేరీలో పేష్కారు పని చేసే మనిషి. ఊరంతా ఆయనను పేష్కార్ సాబ్ అనేది. బ్యాటింగులో ఆఖరున వచ్చేవాడు, మాటలో మొదట. ఆయన ముందు సాయమ్మను నిలబెట్టాను. ఆయన మీసం సవరించుకుని, "సునో సాయమ్మా. గద్వాలోళ్ళు వచ్చి దినమంత ఆడి, ఏ ఫిర్యాదు చేయకుంట పోతే, మైదానం పడమటి అంచుకు ముప్పై అడుగుల జాగ నీది. ఆట ఆగిందో, ఆ ముచ్చట మళ్ళ ఎత్తకు" అన్నాడు.

"నోటి మాటనేనా సాబ్?"

"నా నోటి మాట చాలదా?"

"మీ నోరు మంచిదే. మా మామకు గూడ మంచి నోటితోనే చెప్పిండ్రు."

ఆయన ముఖం ఎర్రబడింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. ఆ విధంగా ఆదివారం ఉదయం పార దిగింది.

ఆ నలభై రోజుల పనిని నేను పూటపూటా రాశాను. ఇరవై రెండు గజాల పొడవు, మూడు గజాల వెడల్పు, జానెడు లోతు తవ్వి గులక అంతా తీసివేశాము. అడుగున మొరం కొట్టి, పైన పద్నాలుగు బండ్ల చెరువు ఒండ్రు పోశాము. ఒండ్రు ఆరి గట్టిపడకముందే సాయమ్మ గడ్డలు చిదిపి, నీళ్ళు చల్లి, పశువులను తిప్పి తొక్కించింది. ఎద్దుల గిట్టలకు గోనె గుడ్డలు కట్టించింది, గుంటలు పడకూడదని. నీళ్ళ కుండలు ఎన్ని పోసినదీ నేను రాయాలి కనుక పైకి లెక్కపెట్టమన్నాను. ఆమె ధాన్యం కొలిచినట్టే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టింది. ఒకటి అనమంటే అనలేదు. "కల్లంల ఒకటి అనరాదు. ఒక్కటే మిగుల్తది." నా పుస్తకంలో ఒకటి అనే రాశాను. ఆమె చదవలేదు గనుక తగాదా రాలేదు.

రాతి గుండును రోజుకు పొద్దున ఇరవై సార్లు, మాపున ఇరవై సార్లు దొర్లించేవాళ్ళం. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు జొన్న సొప్ప కప్పేది, ఒక్కసారిగా ఆరితే నల్లమన్ను పగులుతుందని. నీరు ఎప్పుడు చాలునో నాకు అంతుపట్టేది కాదు. నేను పుల్ల గుచ్చి తడి ఎన్ని అంగుళాలో కొలిచేవాణ్ణి. ఆమె చెప్పులు విడిచి, మడమతో ఒకసారి నొక్కి, కాలు తీసి చూసేది. గుర్తు పడితే ఇంకా కాలేదని, పడకపోతే అయిందని. ముప్పై నాలుగవ రోజున గుర్తు పడలేదు. నేను కూడా నొక్కి చూశాను. మధ్యాహ్నం ఎండలో కూడా నేల మడమకు చల్లగా, గట్టిగా, నున్నగా తగిలింది. ఒక బంతిని నిలబడి జారవిడిచాను. మోకాలి దాకా లేచింది. పది చోట్ల విడిచాను. తొమ్మిది చోట్ల మోకాలు, ఒక చోట నాలుగు వేళ్ళు తక్కువ. ఆ ఒక్క చోటును ఆమె మూడు రోజులు సవరించింది.

నేను మరిచిపోయినది ఒక్కటే. కల్లం తయారవడం వేరు, కల్లం తెరవడం వేరు. నూర్పిడి మొదలయ్యే ఉదయాన పేడనీళ్ళతో అలికి ముగ్గు వేయనిదే మా వైపు ఏ ఇల్లాలూ కల్లంలో కంకి పడనివ్వదు. నలభై రోజుల రాతలో ఎక్కడా ఆ పని వద్దని చెప్పినట్టు లేదు. చెప్పవలసి వస్తుందని నాకు తోచలేదు. అమ్మ గడప ముందు ప్రతి శుక్రవారం కూర్చునే చోటును దాటుకునే నేను మైదానానికి పోయేవాణ్ణి.

ఆట శుక్రవారం. ఏడు గంటల పది నిమిషాలకు వికెట్లు భుజాన వేసుకుని వెళ్ళేసరికి, నల్లటి పిచ్ ఆకుపచ్చగా మెరుస్తోంది. నిండా పేడతో అలికి ఉంది. రెండు కొసలలోనూ పద్మాల ముగ్గు, నడుమ పొడుగునా తీగ ముగ్గు. గీతలు వేయడానికి నేను నానబెట్టి ఉంచిన సున్నమంతా అందులోకే పోయింది. సాయమ్మ చేతులు కడుక్కుని, కొత్త కోక కట్టుకుని, పక్కన నిలబడి ఉంది.

"సాయవ్వా, ఇదేంది?"

"ఏందంటే ఏంది? అలికిన. ముగ్గేసిన. ముగ్గు లేకుంట కల్లం ఏడన్న తెరుస్తరా?"

"ఇది తడి ఆరదు. తడి మీద బంతి జారుతది. మేం ఆడం అని గద్వాలోళ్ళు పోతరు."

ఆమె నా ముఖం చూసింది. ఆ తరువాత పడమటి అంచు వైపు చూసింది. "ముందుగాల చెప్తే ఏం పోయె పంతులూ" అని మాత్రం అంది.

పేష్కార్ సాబ్ ఎనిమిదిన్నరకు వచ్చాడు. పిచ్ చుట్టూ ఒకసారి తిరిగాడు. "నలభై దినాలు రాస్తివి. ఈ ఒక్క మాట చెప్పాల్నని రాసుకోలేదా?" అని నన్నడిగాడు. నేను లేదన్నాను. "అయితే ఇగ జాగ ముచ్చట గూడ రాసుకోవద్దు" అని గుడారం వైపు పోయాడు. ఇది నా తప్పు, శిక్ష ఆమెకు. అది ఎంత లెక్కపెట్టినా సరికాదు. సాయమ్మ మాత్రం అప్పటికే వెళ్ళి, ఎండిన జొన్న పొట్టు ఎనిమిది గంపలు ఇద్దరు కోడళ్ళతో మోయించుకుని వస్తోంది. కల్లం మీద చినుకులు పడితే చేసే పని అది. పొట్టు పలుచగా పరిచి, గుండు నెమ్మదిగా దొర్లించి, ఈత పొరకలతో ఊడ్చేస్తే తడి పొట్టుతో వెళ్ళిపోతుంది. మూడుసార్లు పరిచారు, మూడుసార్లు ఊడ్చారు. ముగ్గు మాత్రం పోలేదు. సున్నం తడి పేడను కరుచుకుని నేలలో భాగమైపోయింది.

తొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాలకు గద్వాల జట్టు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి, పాఠశాలలో పడుకుని వచ్చారు. పిచ్ చూసి నవ్వులు మొదలయ్యాయి.

"ఆటకు పిలిచిండ్రా, పెండ్లికి పిలిచిండ్రా?"

"పెండ్లికొడుకు ఎవరో చెప్పుర్రి, ముందుగాల అతనికే బంతి ఏస్తం."

వాళ్ళ కెప్టెన్ వెంకటరెడ్డి మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ళ మనిషి, కృష్ణ ఒడ్డున సేద్యం ఉన్న ఇంటివాడు. పిచ్ దగ్గర గొంతుక్కూర్చుని, వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఆ తరువాత లేచి, బూట్లు విప్పి పక్కన పెట్టి, లోపలికి అడుగుపెట్టి, మడమతో నొక్కి, కాలు తీసి చూశాడు.

"ఇది కల్లం గద. ఎవరు చేసిండ్రు?"

"నేనే అయ్యా" అంది సాయమ్మ.

"మా అజ్జి చేసేది గిట్ల." వాళ్ళ వైపు అవ్వను అజ్జి అంటారు. "చెప్పులతోటి ఎక్కితే పొరక తిరగేసేది."

"నేను గూడ తిరగేస్త. నాకు కెప్టెన్ అని తెల్వదు, గిప్టెన్ అని తెల్వదు."

అప్పుడు నవ్వాడు. మా పేష్కార్ సాబ్ వైపు తిరిగి, "మేం ఆడతం సాబ్. ఒక్కటే షరతు. బూట్లు, చెప్పులు బయట. మీకూ అంతే, మాకూ అంతే. ముగ్గు మీద బంతి పడితే పాపమేం లేదు గాని, ఇన్ని తెల్ల గీతలల్ల మా బ్యాటు ఏ గీత మీద పెట్టాల్నో తేల్చుర్రి" అన్నాడు.

తెల్లగీతల నడుమ తెల్లగీత కనబడదు. పైగా సున్నం అయిపోయింది. నేను ఇంటికి పరుగెత్తాను. అమ్మ గడప ముందు మూకుడు పెట్టుకుని అప్పుడే కూర్చుంది.

"అమ్మా, జాజు కావాలె."

"గడప ఉత్తగ ఉంచి మైదానం అలుకుతవా?"

"సాయమ్మ జాగ పోతదమ్మా."

అమ్మ సగం తనకు ఉంచుకుని సగం వేరే గిన్నెలోకి ఒంపింది. "చేయి వణకనీకు. జాజు పట్టిందంటే మళ్ళ పోదు" అని చెప్పింది. రెండు కొసలా ఎర్ర గీతలు గీశాను. ఆ గీతల నడుమ పది గంటల ఇరవై రెండు నిమిషాలకు మొదటి బంతి పడింది, ఇరవై ఇద్దరూ వట్టి కాళ్ళతో ఉండగా.

గద్వాల వాళ్ళు ముందు ఆడి తొంభై నాలుగు పరుగులు చేశారు. నేను బల్ల దగ్గర కూర్చుని పరుగులు రాస్తున్నాను గాని, కళ్ళు బంతి కన్నా నేల మీదే ఉన్నాయి. ఎక్కడ పడినా ఒక్క తీరుగా లేచింది. నాయన గొడుగు వేసుకుని వచ్చి నా వెనుక నిలబడ్డాడు. ఆయనకు ఆట తెలియదు. "ఎంత ఎగుర్తుందిరా?" అని మాటిమాటికీ అడిగాడు. "నడుము దాక" అంటే తల ఊపి మళ్ళీ చూసేవాడు. సాయమ్మ పడమటి అంచున, తనకు రావలసిన చోట, కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. భోజనాల విరామంలో ఎవరికీ చెప్పకుండా వచ్చి, రెండు కొసలూ ఊడ్చి, మడమతో నొక్కి చూసుకుని పోయింది.

మూడు గంటల నలభై నిమిషాలకు ఉత్తరపు కొసన వేలెడు బీట కనిపించింది. ఆమె నా కన్నా ముందే చూసింది. గిన్నెలో పేడనీళ్ళు కలుపుకుని లేచి వస్తుంటే నేను ఎదురు వెళ్ళి ఆపాను. ఆట నడుస్తుండగా నేలను ముట్టకూడదని ఈసారి ముందుగానే చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టి అక్కడే నిలబడిపోయింది. మా జట్టు తొమ్మిది మంది ఔటయి ఎనభై మూడు పరుగుల దగ్గర ఉన్నప్పుడు, ఆఖరివాడుగా పేష్కార్ సాబ్ పంచె ఎగగట్టి వచ్చాడు. రెండు బంతులు ఆపాడు. మూడవది సరిగ్గా ఆ బీట మీద పడి, పైకి లేవక నేలను అంటుకుని పోయి వికెట్టు పడగొట్టింది. పదకొండు పరుగులతో ఓడాము.

ఆయన బ్యాటు పట్టుకుని అక్కడే వంగి బీటను చూస్తూ నిలబడ్డాడు. నేనూ, సాయమ్మా దగ్గరికి వెళ్ళాము. ఆయన సాయమ్మకు వేలితో చూపించి, "ఇది చూస్తున్నవా?" అన్నాడు.

"చూస్తున్న సాబ్. వేలెడు ఉన్నది."

"దీని మూలాన ఔటయిన."

"గద్వాలోళ్ళు ఫిర్యాదు చేసిండ్రా సాబ్?"

గద్వాల వాళ్ళు దూరంగా బూట్లు వెతుక్కుంటూ, ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటున్నారు. గెలిచినవాళ్ళకు ఏ నేలా చెడ్డది కాదు. పేష్కార్ సాబ్ వాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. ఆయన గొప్ప మనిషి కాదు, నీచుడూ కాదు. అప్పటి వరకు ఎటు పోతాడో ఆయనకే తెలియదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చివరకు బ్యాటు నా చేతికి ఇచ్చి, "మీ నాయన గొలుసు తే పో. ముప్పై అడుగులు కొలువు. ముప్పై ఒకటి కాదు" అన్నాడు.

కొలిచాము. నాయన ఒక కొస పట్టాడు, నేను ఒక కొస. సాయమ్మ నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, వాటి మీద చేయి ఆనించి, లోపలికి నడిచి, నడుమ కూర్చుంది. అప్పుడు సమయం ఐదు గంటల ఐదు నిమిషాలు.

ఇప్పటి సిమెంటు పట్టీకి ఎవరి మడమా అవసరం లేదు. వానకు తడవదు, ఎండకు పగలదు, ఏ తల్లి గడపనుండీ జాజు అడగదు. దాన్ని నేను తప్పు పట్టను. ఆ కుర్రవాళ్ళు నేల కోసం నలభై రోజులు పోగొట్టుకోకుండా ఆ నలభై రోజులూ ఆడుకుంటున్నారు, మా పద్నాలుగు మంది కన్నా బాగా ఆడుతున్నారు. నేను చూస్తుండగానే ఒక పిల్లవాడు కొట్టిన బంతి గట్టు దాటి పడమటి వైపు వెళ్ళింది. తీసుకురావడానికి పోయినవాడు అంచున ఆగి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి తెచ్చాడు. ఎందుకు విడిచావని అడిగితే, "అది కల్లం సార్, తిడ్తరు" అన్నాడు. ఎవరు తిడతారో చూడడానికి నేనూ వెళ్ళాను.

పోయినవి: ఆ ఆట, పదకొండు పరుగులతో. మట్టి పిచ్, తొమ్మిదేళ్ళు ఆడిన తరువాత. గద్వాలతో ఏటా జరిగే పోటీ. మా క్లబ్బు, దానితో నా గుమాస్తాగిరీ. నాయన, అమ్మ. సాయమ్మ, ఆ తరువాత పదిహేడేళ్ళకు.

మిగిలినవి: పడమటి అంచున జాగ, పోయిన నెల నేను కొలిచినప్పుడు ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. అరడుగు కొత్త గోడ కిందికి పోయింది. అందులో సాయమ్మ మనుమడి భార్య నూర్పించిన జొన్నల రాశి ఒకటి, ఈ ఏటిది, ఇంకా కొలవనిది.